రొట్టెల పొయ్యికి ఇంధన భద్రత

ఏప్రిల్ 6, సోమవారం

ఈ రోజు నుంచి మా ఇంటి ఇంధన శాఖ నా చేతిలో ఉంది. ఎవరూ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను.

పొద్దున గ్యాస్ ఏజెన్సీకి పోతే కౌంటర్లో ఉన్న పిల్ల తల కూడా ఎత్తకుండా, "హోటళ్ల సిలిండర్లు బంద్ సార్. మళ్ల ఎప్పుడొస్తయో మాకే తెల్వది" అంది. ఎక్కడో గల్ఫ్ దగ్గర ఇరుకు సముద్రంలో ఓడలు ఆగిపోయాయట. ఆ ఓడలకూ, బెల్లంపల్లి బస్టాండు ముందు నా భార్య రోజారాణి పెట్టుకున్న జొన్నరొట్టెల బండికీ ఏం సంబంధమని ఎవరైనా అడగవచ్చు. నేను అడగను. నేను పేపరును మొదటి పేజీ నుంచి చివరి పేజీలోని టెండర్ల దాకా చదివే మనిషిని.

ఇంటికి వచ్చి రోజాకు పరిస్థితి వివరించాను. ఒకే కిరాణా దుకాణంలో ఖాతా పెట్టుకున్నవాడు, ఆ శేటు తీర్థయాత్రకు పోతే పస్తుంటాడు. దేశమైనా అంతే, ఇల్లైనా అంతే. సరుకు నాలుగు చోట్ల నుంచి రావాలి.

"నాలుగు తావుల ఖాతా పెడితే నాలుగు తావుల తిడ్తరు" అంది రోజా. "నాకు పొయ్యి మండాలె. గంతే."

ఆ మాట ఊరికే అనలేదు. బస్టాండు ముందు బండ్ల వరసలో ఒక కట్టుబాటు ఉంది. ఆసిఫాబాద్ ఆఖరి బస్సు కదిలేలోపు ఎవరి పొయ్యి వెలగదో, ఎవరి బండి మీద ఒక్క ముద్ద కూడా అమ్ముడుపోదో, ఆ బండి చల్లబడ్డట్టు లెక్క. వరసగా రెండు పొద్దులు చల్లబడితే జాగా పోతుంది, వెనక కాచుకున్నవాళ్లు వచ్చేస్తారు. ముందైతే జనం జాగాలో ఒక రాయి పెట్టి నెలలకొద్దీ మాయమయ్యేవారు, అందుకని పెట్టుకున్న కట్టుబాటు. మా పక్క చాయ్ బండి జలాలుద్దీన్ వరసకు పెద్దమనిషి, ఆయన మాటే తీర్పు.

ఇప్పుడు కాచుకుని ఉన్నది మిరపకాయ బజ్జీల సక్కుబాయి. ఆమె జాగా మూత్రశాలల పక్కన. రోజూ సాయంత్రం చేతి సంచితో వచ్చి, ఒక రొట్టె కొనుక్కుని, మా పొయ్యి దగ్గర ఒక నిమిషం నిలబడి, మంట చూసి, నిట్టూర్చి పోతుంది.

నా పెన్షన్ మందులకూ పేపరుకూ సరిపోతుంది. ఇల్లు నడిచేది రోజా పెనం మీదే. అది నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఇద్దరం పైకి అనుకోం.

ఏప్రిల్ 7, మంగళవారం

నిల్వ ప్రకటించాను.

పెరట్లో పాత బొగ్గుల కొట్టంలో ఒక నిండు సిలిండర్ ఉంది, నీలిది, సీలు తీయనిది. తలుపుకు తాళం వేసి, తాళంచెవిని మొలతాడుకు కట్టుకున్నాను. దీన్నే పెద్ద దేశాలు వ్యూహాత్మక నిల్వ అంటాయి.

"గదే తీయరాదయ్యా? బండి మీదున్నది ఒకటి రెండొద్దులకంటె రాదు" అంది రోజా.

"నిల్వ ఆపద కోసం."

"గిప్పుడొచ్చింది ఆపద కాదా?"

"ఇది ఆపద కాదు. ఆపదకు ముందు దశ."

రోజా పిండి జల్లెడ పట్టుకుంది. నన్ను కన్న మా అవ్వ శంకరవ్వ మాత్రం కొట్టం తలుపుకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టింది. పెద్దవాళ్లకు భద్రత విలువ తెలుస్తుంది.

ఏప్రిల్ 8, బుధవారం

కరెంటు పొయ్యి కొన్నాను. బండి పక్క జిరాక్స్ షాపు నుంచి తీగ లాగి పెట్టాను. వరస మొత్తానికి ఫ్యూజు పోయింది. కరెంటు మార్గం వాయిదా.

ఏప్రిల్ 10, శుక్రవారం

నిన్న పొద్దున బోథ్ పోయాను. రోజా తమ్ముడు కుమార్ అక్కడ వ్యవసాయం చేస్తాడు. వాళ్ల దొడ్లో గోబర్ గ్యాస్ ఉంది. విదేశీ మారకద్రవ్యం అక్కర్లేదు, నాలుగు బర్రెలు చాలు.

"తీస్కపో బావా, కని ఎట్ల తీస్కపోతవ్?" అన్నాడు కుమార్. ఆ ప్రశ్నకు నేను సిద్ధంగా లేను. కుమారే ఆలోచించి పెద్ద ట్రాక్టర్ ట్యూబు తెచ్చాడు. దాంట్లోకి గ్యాసు పట్టి, మూతి బిగించాడు. "మా ఊర్ల ఒకాయిన గిట్లనే నింపుకపోయిండు" అన్నాడు.

"చేరిందా?"

"ఎవరు, ఆయినెనా? ఆయినె మంచిగనే చేరిండు."

ట్యూబును భుజాన వేసుకుని బస్సెక్కితే కండక్టరమ్మ ఆపింది. "గదేంది పెద్దాయనా? గాలి తీసి మడత పెట్టు."

నిజం చెబితే దించేస్తుంది. గాలి తీస్తే మిగిలేది రబ్బరు. "తీయరాదమ్మా. మొక్కుంది" అన్నాను. అంతే, ఆమె గొంతు మారిపోయింది. వెనక సీటు ఖాళీ చేయించి, సగం టికెట్ కొట్టింది. కాసేపటికి వాసన మొదలైంది. చుట్టూ ఉన్నవాళ్లు కొంగులూ తువ్వాళ్లూ ముక్కులకు పెట్టుకున్నారు గానీ దేవుడి సొమ్ము కదా అని ఎవరూ ఏమీ అనలేదు. ఒక ముసలాయన బస్సు ఆగినప్పుడు బీడీ తీశాడు. నేను లేచి అగ్గిపెట్టె లాక్కుని కిటికీలోంచి విసిరేశాను. మొక్కు చాలా కఠినమైనదని అందరికీ అర్థమైంది. దిగేటప్పుడు ఒకామె ట్యూబుకు దండం పెట్టింది.

ఈ సాయంత్రం ప్రయోగం. రెండు బస్సులు మారేసరికి ట్యూబు కొంచెం చిక్కింది, నిజమే. పైపు పెట్టి బండి పొయ్యికి తగిలిస్తే మంట అగరుబత్తి అంత వచ్చింది. గ్యాసుకు ఒత్తిడి కావాలి. అవ్వను ట్యూబు మీద కూర్చోబెట్టాను. వెంటనే నీలిమంట భగ్గుమంది! అవ్వ లేస్తే తగ్గుతుంది, కూర్చుంటే పెరుగుతుంది. మంట తగ్గించాలంటే, "అవ్వా, జర ఒక పక్కకు ఒరుగు" అంటే చాలు. జనం చుట్టూ చేరారు. జలాలుద్దీన్ గ్లాసులు కడగడం ఆపేసి చూశాడు.

"నీ ఖర్మ పాడుగాను, ఈ వయసుల నన్ను రబ్బరు మీద కూసొబెట్టినవు గదరా" అంది అవ్వ. కానీ లేవలేదు.

నాలుగు రొట్టెలు అయ్యాయి. ఐదోది సగంలో ఉండగా అవ్వ నెమ్మదిగా నేలకు దిగిపోయింది.

రోజా పెనం దించకుండానే, "నువ్వు ఇంటికి పోయి తానం చెయ్యయ్యా, బర్రె లెక్క వాసనొస్తున్నవ్" అంది. పోయి స్నానం చేసి వచ్చేసరికి పిండి మొత్తం అయిపోయింది, గిరాకీ ఎప్పటిలాగే ఉంది. పైపులో మిగిలిన గ్యాసు ఎంతసేపు పనిచేస్తుందో చూడండి! బోథ్ మార్గం విజయవంతం.

ఏప్రిల్ 11, శనివారం

కొట్టంలో పందికొక్కులు పడ్డట్టున్నాయి. తలుపు సందులోంచి చూస్తే నేల మీద ఏదో ఈడ్చిన గీతలున్నాయి. సిలిండర్ మాత్రం పదిలంగా ఉంది.

ఏప్రిల్ 12, ఆదివారం

జలాలుద్దీన్ చాయ్ ఇచ్చి డబ్బులు తీసుకోలేదు. అంటే ఏదో చెప్పబోతున్నాడని.

"రామచంద్రం భాయ్, నీకెందుకు గింత పరేషాన్? నా చాయ్ బండి ఎన్నడన్న ఆగిందా? బొగ్గు. ఒక బస్తా తీస్కపో. బేఫికర్ ఉండు."

"బొగ్గు కాలం అయిపోయింది జలాలుద్దీన్."

"అయిపోతే మరి మనమిద్దరం ఏంది?" అని పగలబడి నవ్వాడు.

అతను గనిలోకి దిగినవాడు. నేను గని గేటు దగ్గర హాజరు రాసినవాణ్ణి, తెల్ల చొక్కాతో పోయి తెల్ల చొక్కాతో తిరిగి వచ్చినవాణ్ణి. మా బాపు గనిలోకి దిగినన్నాళ్లూ అవ్వ రోజూ ఆయన బట్టలుతికి నల్లనీళ్లు పారబోసింది. నాకు టైం కీపర్ పని వచ్చిన రోజున వాడకట్టంతా తిరిగి బెల్లం పంచి, "నా కొడుకంగి నల్లగ గాదు" అని చెప్పుకుంది. అట్లాంటి మనిషిని పట్టుకుని ఇప్పుడు బొగ్గు ఎత్తమంటాడు! నా కోపం బయట పెట్టలేదు. చాయ్ సగంలో వదిలేసి వచ్చాను.

ఇంట్లో చెబితే అవ్వ, మా పాత బొగ్గుల పొయ్యిలో వేసుకున్న కొత్తిమీరకు నీళ్లు పోస్తూ, "సంకల పిల్లను పెట్టుకొని ఊరంత దేవులాడినట్టున్నది నీ కత" అంది. ఆ పొయ్యిలో కొత్తిమీర బాగా వస్తుంది. దానికి అంతకంటే మంచి ఉపయోగం లేదు.

ఏప్రిల్ 14, మంగళవారం

సక్కుబాయి వచ్చి, "దాదా, మా అన్న చేన్ల కట్టెలున్నయ్. పంపియ్యాల్నా?" అంది.

జాగా కోసం కాచుకున్న మనిషి దగ్గర ఇంధనం కొంటే రేపు ఆమె చేతిలో మన కుత్తుక ఉంటుంది. ఇలాంటి పొరపాటు చేసి పెద్ద పెద్ద దేశాలు చలికి వణికాయి. "వద్దమ్మా, మాకు నిల్వ ఉంది" అన్నాను.

నా వెనక రోజాకు పొలమారింది. ఎండాకాలం పిండి దుమ్ము ఎక్కువ.

ఏప్రిల్ 15, బుధవారం

బండి మీది సిలిండర్ ఒకటి రెండు రోజులంటే ఇంకా నడుస్తూనే ఉంది! మంట తగ్గించి వాడమని నేను ఇచ్చిన సలహా ఫలితం. రోజాతో ఆ మాట అంటే, "అవ్, నీ పున్నెమే" అంది. పెళ్లైన ఇన్నేళ్లకు నా తెలివిని ఒప్పుకుంది. సంతోషంతో రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాను.

పందికొక్కులకు మందు తేవాలి.

ఏప్రిల్ 16, గురువారం

అవ్వ కొట్టంలో బూజు దులుపుతుంటే కర్ర సిలిండర్‌కు తగిలి గుడిగంటలా టంగుమంది. నిండుది మోగదని జలాలుద్దీన్ అంటాడు. అతనికి సిలిండర్ల గురించి ఏం తెలుసు, బొగ్గు మనిషి. మంచి లోహం అన్నాక మోగుతుంది.

అన్నట్టు, తాళంచెవి నా దగ్గరే ఉంటే అవ్వ కొట్టంలోకి ఎట్లా పోయింది? రాత్రి నేనే తీసిచ్చి ఉంటాను. మరుపు వస్తోంది.

ఏప్రిల్ 17, శుక్రవారం

బండి మీది సిలిండర్ అయిపోయింది. సాయంత్రం మొదటి రొట్టె పెనం మీద వేయగానే మంట పుటుక్కున పోయింది. రోజా ముఖం తెల్లబడింది.

"ఇప్పుడు ఆపద" అన్నాను. "కానీ ఈ రోజు అమావాస్య. నిల్వను రేపు తీద్దాం, పద్ధతిగా."

నిజానికి గొడవ పడుతుందనుకున్నాను. పడలేదు. "సరే" అంది. ఆ సరే అన్న తీరు నాకు నచ్చలేదు. పిండి గిన్నె మీద తడిగుడ్డ కప్పి, ఖాళీ పెనం ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆసిఫాబాద్ బస్సు పోయింది. జలాలుద్దీన్ మా వైపు చూడకుండానే, "ఒకటి" అన్నాడు. సక్కుబాయి కూడా వచ్చి చూసింది గానీ ఈసారి నిట్టూర్చలేదు.

రేపు కూడా ఇట్లాగే అయితే రోజా జాగా పోతుంది. నాకెందుకో అన్నం సయించలేదు.

ఏప్రిల్ 18, శనివారం

ఈ రోజు జరిగింది మొత్తం రాస్తాను. చేతులు కడుక్కున్నా కాగితానికి మరకలు అవుతున్నాయి.

సాయంత్రం ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాను. రోజా రెండుసార్లు అడ్డం వచ్చింది. "గంతమందిల ఎందుకయ్యా? ముందుగల్ల నా మాట ఇను" అంది. వినలేదు. ఆడవాళ్లకు ఇలాంటి సందర్భాల్లో కంగారు ఎక్కువని అనుకున్నాను. తాళం తీశాను. నిల్వకు దండ వేశాను. నేను పట్టుకుంటే దిష్టి తగులుతుందని అవ్వ ఆటో డ్రైవర్ చేత ఎత్తించింది. అతను ఒక చేత్తో ఎత్తి ఆటోలో పెట్టాడు. ఎంత బలమైన పిల్లగాడు అనుకున్నాను.

బస్టాండు ముందు జనం. నేను రెండు ముక్కలు మాట్లాడాను. ఓడలు, ఇరుకు సముద్రం, ముందుచూపు. తర్వాత సిలిండర్‌ను నా చేతులతో దించాలని, కాళ్లు ఎడంగా పెట్టి, ఊపిరి బిగబట్టి, ఉన్న బలమంతా పెట్టి ఒక్క ఊపున లాగాను.

అది దూదిలా లేచింది. దానితో పాటు నేనూ లేచి, వెనక్కి పోయి, జలాలుద్దీన్ గ్లాసుల తొట్టిలో కూర్చున్నాను.

 సిలిండర్ దొర్లుకుంటూ పోయి, టంగుమని ఆగింది.

"ఎనిమిదో తారీకు రాత్రే సిలిండర్లు మార్చినం" అంది రోజా, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "కరెంటు పొయ్యి ఫ్యూజు పోయిన్నాడే. అవ్వ ఒక దిక్కు, నేనొక దిక్కు ఈడ్చినం. బండి మీద గిన్నొద్దులు కాలింది గా నిండుదే. చెప్తె నువ్వు చిన్నబోతవని చెప్పలే. మల్ల ఓడలొస్తయనుకున్న."

"మరి బోథ్ ట్యూబు?"

"నాలుగు రొట్టెలకు వచ్చింది. మంచిగనే వచ్చింది" అంది. నిండు సభలో కూడా ఆ నాలుగు రొట్టెలు నా లెక్కలోనే వేసింది. అప్పుడు నాకు సిగ్గేసింది. నీళ్లు కారుతున్న పంచెకు కాదు. రాత్రిపూట ఇద్దరాడవాళ్లు బరువు ఈడిస్తే, ఆ గీతలు చూసి నేను పందికొక్కులకు మందు తేవాలని రాసుకున్నందుకు సిగ్గేసింది.

ఆసిఫాబాద్ బస్సు ప్లాట్‌ఫారం మీదికి వచ్చి నిలబడింది, కదలడానికి ముప్పావుగంట ఉంది. జలాలుద్దీన్ బస్సును చూశాడు, నన్ను చూశాడు. "భాయ్, కట్టుబాటు కట్టుబాటే" అన్నాడు. "కని కట్టుబాటుల పొయ్యి మండాలె అని ఉన్నది. దేంతోని మండాలె అని లేదు."

పరుగెత్తాను. ఈ వయసులో ఎట్లా పరుగెత్తానో తెలియదు, ఆటో ఉందని కూడా గుర్తులేదు, అదే నా వెనక ఖాళీగా వచ్చింది. ఇంట్లో పాత పొయ్యి పట్టుకుని బోర్లించి, కొత్తిమీర మట్టితో సహా పెరట్లో గుమ్మరించి, మళ్లీ ఆటోలో వచ్చాను. జలాలుద్దీన్ అప్పటికే బొగ్గు బస్తా విప్పి పెట్టాడు. రెండు చేతులతో ఎత్తి పోశాను. అగ్గిపుల్ల గీశాను. బొగ్గు అంటుకోదు. ఇంకో పుల్ల. అంటుకోదు. బొగ్గు ఊళ్లో పుట్టి, బొగ్గు జీతం తిని, బొగ్గు అంటించడం రాని మనిషిని నేనొక్కణ్ణే.

"జరుగు దాదా" అంటూ సక్కుబాయి సంచి దింపి ఎండుపుల్లలు అడుగున కూర్చింది. "కట్టె లేకుంటె బొగ్గెట్ల అంటుకుంటది?"

"నీకు జాగా రాదు కదమ్మా" అన్నాను.

"జాగ సంగతి తర్వాత. పొద్దంత ఏం తినలే నేను. నిన్న కూడా రొట్టె లేకపాయె. బజ్జీలు తిని ఎన్నొద్దులు బతుకుత?"

నేను ఊదాను. పొగ లేచింది. అదెలాంటి పొగంటే, బండ్ల వరస కనబడలేదు, బస్సు కనబడలేదు, జనం దగ్గుతూ తిట్టుకుంటూ తలోదిక్కు పోయారు. అట్టముక్కతో విసిరాను, కడుపులో ఉన్న గాలంతా ఊదాను. కళ్లు మండిపోయాయి. చాలాసేపటికి పొగ పల్చబడి, అడుగున ఎర్రగా కనబడింది. రోజా పెనం పెట్టింది. రొట్టె తట్టిన చప్పుడు వింటే ప్రాణం లేచి వచ్చింది.

రొట్టె అయింది. కానీ కొనడానికి ఎవరున్నారు? పొగకు అందరూ పారిపోయారు. బస్సు డ్రైవర్ హారన్ కొట్టాడు.

సక్కుబాయి డబ్బులు తీసి రోజా చేతిలో పెట్టి, రొట్టె తుంచి, కారంలో అద్దుకుని నోట్లో పెట్టుకుంది. బస్సు కదిలింది.

"బొగ్గు వాసనొస్తుంది. మంచిగున్నది" అంది.

జలాలుద్దీన్ గట్టిగా చాటాడు: "రోజక్క పొయ్యి మండింది! జాగ రోజక్కదే!" తర్వాత తన చాయ్ బండిని తనే కొంచెం అటు జరిపి, "సక్కుబాయ్, నీ పొయ్యి గిక్కడికి తెచ్చుకో, ఇద్దరికి సరిపోతది. గా మూత్రశాలల కాడ ఎంతకాలముంటవు?" అన్నాడు. ఇది కట్టుబాటులో ఉందో లేదో నేను అడగలేదు.

ఇంటికి వచ్చాక ఒక్క సందేహం తీర్చుకున్నాను. తాళంచెవి నా మొలతాడుకే ఉంది కదా, కొట్టం ఎట్లా తెరిచారు?

"తెరిచుడేంది?" అంది రోజా. "పోయిన వానలకు ఎనుక గోడ పడిపాయె గద."

నేను ఎప్పుడూ ముందు నుంచే చూశాను.

అవ్వ నా దగ్గరికి వచ్చి, చొక్కా చూసి, ముఖం చూసి, కొంగుతో నుదురు తుడవబోయి ఆగింది. తిడుతుందనుకున్నాను. "అచ్చం మీ బాపు లెక్కున్నవురా" అంది. తర్వాత నీళ్లు తోడడానికి పోయింది.

కళ్లల్లో నీళ్లు వచ్చాయి. పొగ వల్ల అని రాద్దామనుకున్నాను. పొయ్యి బస్టాండు దగ్గరే ఉంది.

ఏప్రిల్ 20, సోమవారం

నిన్నా ఈ రోజూ నేనే ఊదాను. రోజా పక్కన చిన్న పీట వేసింది. రొట్టె తడుతూ అప్పుడప్పుడు మోచేత్తో పొడిచి, "ఇంక జర ఊదు" అంటుంది. కొత్త గిరాకీ బొగ్గు రొట్టె అని అడిగి తీసుకుంటోంది. అవ్వ కొత్తిమీరను గోబర్ గ్యాస్ ట్యూబు నడుమ నాటింది.

ఏప్రిల్ 22, బుధవారం

గ్యాస్ ఏజెన్సీ పిల్ల ఫోన్ చేసింది. "సార్, సిలిండర్లు వచ్చినయ్. తీస్కపోండి."

రోజాకు ఇంకా చెప్పలేదు. రేపు చెబుతాను. రేపు మరీ తొందరైతే ఎల్లుండి.